ఒకే ఫాల్ట్‌కు మూడు జవాబులు: ఐమూల జారుడును ఎట్ల కొలవాలె?

సిరొంచ_రాయి (సిరొంచ, గడ్చిరోలి జిల్లా)

అభ్యాసానికి ఇచ్చిన 3డీ సీస్మిక్ (నేల లోపలి పొరల ప్రతిధ్వని చిత్రం) ముక్క మీద లెక్క కుదురుతలేదు. చమురు బేసిన్‌దే గని పేరు తీసేసి ఇచ్చిన్రు. డేటా ఇది.

ఫాల్ట్ (రాళ్లు తెగి జారిన తలం) స్ట్రైక్, అంటే ఆ తలం మీది అడ్డగీత దిశ, 315; వాలు 65 డిగ్రీలు ఈశాన్యానికి. ఈశాన్యం దిక్కు ఉన్న హ్యాంగింగ్ వాల్ (ఫాల్ట్ తలానికి పైన ఉన్న బ్లాక్) కిందికి దిగింది, తలం కింద ఉన్నది ఫుట్‌వాల్. కింది హొరైజన్‌కు (సీస్మిక్‌ల కనబడే పొర గీతకు) 'ఏ' అని, పైదానికి 'బి' అని పేరు పెట్టుకున్న. బి అంటే కోణీయ అన్‌కన్ఫార్మిటీ (వాలిన పాత పొరలు కోసుకుపోయినంక వాటి మీద కొత్త పొరలు పడ్డ తలం), 'ఏ' దాని కింద వాలి ఉన్నది. ఫాల్ట్‌కు అడ్డంగ కోసిన సెక్షన్‌ల ఏ 150 మీటర్లు, బి 124 మీటర్లు దిగినట్టు కనబడుతున్నది. ఒక బావి కోర్‌ల ఫాల్ట్ తలం దొరికింది, దాని మీద జారుడు గీతలు, రేక్ (తలం మీద స్ట్రైక్ గీతకు, జారుడు గీతకు నడుమ కోణం) 30 డిగ్రీలు.

త్రోను (నిలువుగ దిగిన లోతును) వాలు సైన్‌తో భాగిస్తే వాలు వెంట జారుడు, దాన్ని రేక్ టాన్‌తో భాగిస్తే పక్క జారుడు. ఏ తోని వేస్తే 150 ÷ 0.906 = 165.5, మళ్ల 0.577తో భాగిస్తే 287 మీటర్లు. బి తోని వేస్తే 237. బి మీద పాత నది చానెల్ ఒకటి ఫాల్ట్ దగ్గర తెగి ఉన్నది. ఆర్‌ఎంఎస్ పటం (ప్రతిధ్వని బలం చూపే పటం) మీద ఆ రెండు కొసల నడుమ స్కేలు పెడితే 212.

ఏ, బి నడుమ మందం హ్యాంగింగ్ వాల్ దిక్కు 26 మీటర్లు ఎక్కువ. అంటే గ్రోత్ ఫాల్ట్ (మట్టి పడుతుండంగనే కదిలిన ఫాల్ట్) అనుకోవాల్నా? పాత కదలిక 287, తర్వాతది 237 అని రాసుకోవచ్చునా? ఇంకోటి, బయట రాతి మీద రేక్ కొలిచే పద్ధతి ఎవరన్న సరిగ్గ చెప్పుండ్రి. కోట అనే రాతి వరస సున్నపురాయి ఇక్కడ చేతికందేంత దగ్గరున్నది.

---

బల్లార్షా_సీమ్ (బల్లార్‌పూర్, చంద్రపూర్ జిల్లా)

ముందుగాల ఆ 150ని, 124ని త్రో అనుడు బంద్ చెయ్యి తమ్మీ. అది తెగిన పొర మనకు కనబడే ఎడం, అంతే. ఫాల్ట్ ఎంత జారిందనేది వేరే ముచ్చట.

ఐమూల చారల గుడ్డ రెండు ముక్కలు తీసుకొని, చారలు కలిసేటట్టు ఒకదాని మీద ఒకటి పరువు. పై ముక్కను పైకీ కిందికీ కదపకుండ, నాలుగు వేళ్ల మందం పక్కకు జరుపు. ఇప్పుడు ఏ జాగల చూసినా పై చార కింది చార కన్న ఎక్కినట్టో దిగినట్టో కనబడ్తది. నువ్వు కిందికి జరిపింది సున్నా. అదే అడ్డచారల గుడ్డయితే ఎంత పక్కకు జరిపినా చారకు తేడానే రాదు. నీ ఏ ఐమూల చార, నీ బి అడ్డచారకు దగ్గర. అందుకే ఒకే ఫాల్ట్ రెండు లెక్కలు చెప్తున్నది. ఇగ గుడ్డ మీద ఒక నూనె మరక ఉన్నదనుకో, పని సులువు. మరక ఎక్కడి నుంచి ఎక్కడికి పోయిందో అదే జారుడు. నీ దగ్గర ఆ మరక చానెల్.

బొగ్గు గనులల్ల కూడ ఇదే తిప్పలు. సీమ్ (బొగ్గు పొర) ఫాల్ట్ కాడ మాయమైతే, ఫాల్ట్ తలం సీమ్‌తో పెద్ద కోణం చేసే దిక్కు వెతకాలని పాత నియమం ఉన్నది. మామూలు నార్మల్ ఫాల్ట్‌కు అది పనిచేస్తది. పక్క జారుడు ఎక్కువుండి సీమ్ వాలుగ ఉంటే సీమ్ తప్పు దిక్కు దొరుకుతది, స్టోన్ డ్రిఫ్ట్ (రాతిల తవ్విన సొరంగం) ఖర్చు మట్టిపాలు. ఒకే ఫాల్ట్ మీద కొద్ది దూరంలనే త్రో గబగబ మారుతున్నా, ఒక జాగల నార్మల్, ఇంకో జాగల రివర్స్ లెక్క కనబడ్తున్నా పక్క జారుడు మీద అనుమానం పెట్టుకోవాలె.

రేక్ సంగతి. తలాన్ని బ్రష్‌తో తుడిచి కొంచెం తడుపు, గీతలు తేటగ కనబడ్తయ్. కంపాస్ అంచు తలానికి ఆనిచ్చి, బుడగ నడుమకు వచ్చినంక ఆ అంచు వెంట సుద్దతో అడ్డగీత గియ్యి. అదే స్ట్రైక్ గీత. కోణమానిని దిమ్మ ఆ గీత మీద పెట్టి, తలానికి అతుక్కునేటట్టు పట్టుకొని, జారుడు గీత దాక కోణం చూడు. తలానికి అతకకుండ గాలిల పట్టుకొని చూస్తే వచ్చేది రేక్ కాదు. చాన మంది ఇక్కడనే తప్పుతరు. స్ట్రైక్ గీత ఏ కొస నుంచి కొలిచినవో తప్పక రాయి, '315 కొస నుంచి 30' అని. కొస రాయకపోతే 30, 150 ఒకటే లెక్క కనబడ్తయ్, ఎడమ జారుడు కుడి జారుడైతది.

గీత దిశ, వంపు విడిగ కొలిచి సరిచూసుకో. వంపు సైన్ = రేక్ సైన్ × వాలు సైన్. నీ లెక్కల 0.5 × 0.906 = 0.453, అంటే 27 డిగ్రీలు. దిశ 329 దగ్గర రావాలె. రెండు డిగ్రీల కన్న ఎక్కువ తేడా వస్తే మళ్ల కొలువు. ఒక తలం మీద పది కొలతలన్న తియ్యి.

ఎటు జారిందో తెలిసేది కాల్సైట్ పోగుల మెట్లతోటి. సున్నపురాయిల అవి మంచిగ నిలుస్తయ్. గీత వెంట వేళ్లతో రాస్తే ఒక దిక్కు నున్నగ జారుతది, ఎదురు దిక్కు మెట్లు తగులుతయ్. నున్నగ జారే దిక్కుకే ఊడిపోయిన బ్లాక్ పోయింది. పోగులు లేకుండ ఒట్టి నునుపు, గాడులు ఉన్న తలం మీద మాత్రం ఈ గుర్తును నమ్మొద్దు, మెట్లు ఉల్టా కూడ ఉంటయ్.

బొగ్గు సీమ్ నడుమ బంకమట్టి పొరలల్ల అద్దం లెక్క మెరిసే తలాలు కుప్పలుగ దొరుకుతయ్. అందులో చాన మట్టుకు పై బరువుకు నలిగి మెరిసినయే, ఫాల్ట్ కాదు. డెక్కన్ ట్రాప్ బసాల్ట్ కంపాస్ ముల్లును తిప్పొచ్చు, దాని పక్కన నిలబడి చూసినప్పుడు, రెండు జాగల నుంచి ఎదురుబదురు బేరింగ్ తీసి సరిచూడు. ఇంకోటి, వడధం ఫాసిల్ పార్క్ చుట్టుపక్కల సుత్తి తియ్యకు. బరపాసారస్ అనే డైనోసార్ ఎముకలు దొరికింది మీ కోట రాళ్లలనే.

---

పర్లాకిమిడి_మాస్టారు (పర్లాకిమిడి, గజపతి జిల్లా)

సీమ్ గారి గుడ్డ ఉపమానం బాగుంది. దాన్నే కాగితం మీద పెడితే స్ట్రైక్ ప్రొజెక్షన్ అవుతుంది బాబూ. సీస్మిక్‌లో అసలు పని అక్కడే ఉంది, అడ్డ సెక్షన్ ఒక్కటి చూసుకుని కూర్చుంటే తేలదు.

ఏటి చెయ్యాలంటే, ఫాల్ట్‌కి అడ్డంగా వరసగా సెక్షన్లు తీయండి, వంద మీటర్లకి ఒకటి. ప్రతి దాంట్లో 'ఏ' పొర ఫుట్‌వాల్ వైపు ఫాల్ట్‌ని తాకే లోతు, హ్యాంగింగ్ వాల్ వైపు తాకే లోతు రాసుకోండి. బి కి కూడా అలాగే. అడ్డ అక్షం స్ట్రైక్ వెంట దూరం, నిలువు అక్షం లోతు. నాలుగు గీతలు వస్తాయి. ఫాల్ట్ దగ్గర పొర వంగి ఉంటుంది గాబట్టి అక్కడి పిక్ (గుర్తించిన లోతు) వాడకండి. ఫాల్ట్‌కి నూటయాభై మీటర్లు అవతల నుంచి సరళంగా ఉన్న వాలుని పొడిగించి, ఫాల్ట్ తలాన్ని ఎక్కడ తాకుతుందో అదే తీసుకోండి. ఫుట్‌వాల్ వైపు ఫాల్ట్ కింద నీడ పడి ప్రతిఫలనాలు చెదురుతాయి. అక్కడ ఆటోట్రాకర్‌ని (పొరని తనంతట తానే గీసే సాఫ్ట్‌వేర్‌ని) నమ్మితే చేతులారా త్రో పుట్టించినట్టే.

ఇప్పుడు 'ఏ' గీత ఎంత ఏటవాలుగా ఉందో, బి గీత ఎంత ఉందో, ఎటు దిగుతున్నాయో చూసి ఇక్కడ పెట్టండి. మిగతాది అప్పుడు చెప్తాను.

మీరు గ్రోత్ అని అనుమానించడం తప్పు కాదు. కృష్ణా-గోదావరి సముద్రం వైపు అలాంటివి బోలెడు. కానీ ఫాల్ట్ కదులుతుండగా మట్టి పడితే, హ్యాంగింగ్ వాల్‌లో పొర ఫాల్ట్ వైపు వచ్చే కొద్దీ మందం పెరుగుతూ విసనకర్రలా విచ్చుకుంటుంది. మీ సెక్షన్‌లో మందం ఫాల్ట్ వైపు పెరుగుతోందా, లేక ఆ వైపంతా ఒకటే మందం ఉండి ఫాల్ట్ దాటగానే ఒక్కసారి 26 మీటర్లు గెంతుతోందా? రెండోదైతే గ్రోత్ మాట పక్కన పెట్టండి.

---

సిరొంచ_రాయి

చేసిన మాస్టారూ. 'ఏ' గీత ఆగ్నేయానికి 8 డిగ్రీలు దిగుతున్నది, బి గీత అదే దిక్కుకు 1 డిగ్రీ. రెండు దిక్కులా ఫుట్‌వాల్ గీత, హ్యాంగింగ్ వాల్ గీత సమాంతరంగనే ఉన్నయ్. మందం ఫాల్ట్ దిక్కు పెరుగుతలేదు, దాటంగనే దుంకుతున్నది. స్ట్రైక్ వెంట మాత్రం ఆగ్నేయానికి పోయినకొద్ది మందం పెరుగుతున్నది.

---

పర్లాకిమిడి_మాస్టారు

అయితే గుట్టు దొరికేసింది. కనిపించే ఎడం = అసలు త్రో + పక్క జారుడు × గీత ఏటవాలు టాన్. తెలియనివి రెండు, మీ దగ్గర పొరలూ రెండు.

150 = త్రో + పక్క జారుడు × 0.1405
124 = త్రో + పక్క జారుడు × 0.0175

తీసివేస్తే 26 = పక్క జారుడు × 0.123. పక్క జారుడు 211 మీటర్లు. త్రో 150 − 29.7, అంటే 120. దాన్ని బి లో పెట్టి చూడండి, 120.3 + 3.7 = 124. సరిపోయింది.

దిశ కూడా ఇందులోనే ఉంది. ఏ ఆగ్నేయానికి దిగుతోంది. హ్యాంగింగ్ వాల్‌లో అది ఉండాల్సిన దానికన్నా అదనంగా లోతుగా ఉందంటే, ఆ రాయి ఆగ్నేయం నుంచి వాయవ్యానికి వచ్చిందన్న మాట. నైరుతి బ్లాక్ మీద నిలబడి ఈశాన్యం వైపు చూస్తే ఎదుటి బ్లాక్ ఎడమకి పోయింది. ఎడమ జారుడు, దానితో పాటు నార్మల్. సీమ్ గారు చెప్పిన 329 దిశకి ఇది అతుకుతుంది. గీత వంపు ఆగ్నేయం వైపు వచ్చి ఉంటే రెంటిలో ఒకటి తప్పని పట్టుకునేవాళ్ళం.

మందం గెంతు రహస్యం కూడా ఇదే. ఆగ్నేయాన మందంగా ఉన్న చోటిది జరిగి వచ్చి ఇక్కడ పలచటి చోటు పక్కన నిలబడింది. అడ్డ సెక్షన్ ఒక్కటే చూసినవాడికి అది అచ్చం గ్రోత్ ఫాల్ట్‌లాగే ఉంటుంది. ఏ–బి మందానికి ఐసోకోర్ పటం (ఒకే మందం ఉన్న చోట్లని కలిపే గీతల పటం) వేస్తే ఒకే విలువ గీత ఫాల్ట్‌కి రెండు వైపులా రెండు చోట్ల తగులుతుంది, వాటి మధ్య స్ట్రైక్ వెంట దూరం మళ్ళీ 211 రావాలి. ఇది కొత్త రుజువు కాదు సుమా, పై సమీకరణాన్నే ఇంకో వేషంలో చూడటం.

ఇప్పుడు 120తో రేక్ లెక్క వేయండి. 120 ÷ 0.906 = 132.4, దాన్ని 0.577తో భాగిస్తే 229. 287 ఎక్కడ, 229 ఎక్కడ!

---

చాందా_సర్వే (చంద్రపూర్)

మాస్టారు గారి లెక్కలో తప్పు లేదు కానీ, ఆ 211ని రిపోర్టులో ఒంటరిగా రాస్తే నేను ఒప్పుకోను. కింద ఉన్న 0.123 చాలా చిన్న సంఖ్య. 'ఏ' ఎడంలో పది మీటర్లు, బి ఎడంలో పది మీటర్లు పొరపాటు ఉందనుకుందాం. తేడాలో 14 మీటర్ల పొరపాటు, 0.123తో భాగిస్తే పక్క జారుడులో 115 మీటర్లు. అంటే 211 ప్లస్ ఆర్ మైనస్ 115. సీస్మిక్ తరంగం వేగం సెకనుకు 3000 మీటర్లు, ఫ్రీక్వెన్సీ 30 హెర్ట్జ్ అయితే తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతు 25 మీటర్లు. విడిగా ఒక హొరైజన్‌ని అంతకన్నా మెరుగ్గా పిక్ చేయొచ్చు, నిజమే. అయినా 26 మీటర్ల తేడా మీద మొత్తం లెక్క నిలబెట్టేటప్పుడు చేయి కొంచెం వణకాలి. పొరల వాలు తేడా 2 డిగ్రీల లోపు ఉంటే ఈ పద్ధతి జోలికే పోవద్దు.

వేగం గురించి ఒక మాట, ఇది చాలామంది తిరగేసి అనుకుంటారు. డెప్త్ కన్వర్షన్‌లో (సీస్మిక్ సమయాన్ని లోతుగా మార్చడంలో) వేగం అంతటా 5 శాతం ఎక్కువ పెట్టారనుకోండి. ఎడాల తేడా 5 శాతం పెరుగుతుంది, గీతల ఏటవాలూ 5 శాతం పెరుగుతుంది, రెండూ కొట్టుకుపోయి పక్క జారుడు మారదు. త్రో మాత్రం 120 నుంచి 126 అవుతుంది. ఫాల్ట్‌కి ఒక వైపే వేగం తప్పితే ఈ రక్షణ ఉండదు. మాస్టారు చెప్పిన నీడ ప్రమాదకరం అయ్యేది అందుకే.

కోర్ గీతల్ని కూడా నెత్తిన పెట్టుకోవద్దు. అవి చివరి కదలిక గుర్తు. ఫాల్ట్ మొదట నేరుగా దిగి, తర్వాత ఐమూలగా జారి ఉంటే గీతలు రెండోదే చెబుతాయి. పైగా రేక్ ఐదు డిగ్రీలు అటూ ఇటూ అయితే పక్క జారుడు 25 దగ్గర 284, 35 దగ్గర 189. రేక్ ఇంకా పడుకునే కొద్దీ ఘోరం. ఇదే త్రోకి రేక్ 10 అయితే 751, 5 అయితే 1500 పైచిలుకు. కోర్‌ని దిక్కుతో సహా తీశారా, లేక పొర వాలుని బట్టి తర్వాత తిప్పి కూర్చారా అన్నది కూడా చూడండి. రెండో పద్ధతిలో ఐదు డిగ్రీలు పోవడం ఏమంత పెద్ద విషయం కాదు.

నా ఓటు చానెల్‌కే. కానీ మీరు కొలిచిన 212 పక్క జారుడు కాదు. ఫాల్ట్ నిలువుగా లేదు కాబట్టి పటం మీద అది గీతలా కాక పట్టీలా పడుతుంది, ఆ పట్టీ వెడల్పే హీవ్. త్రో 120 అయితే 120 ÷ 2.14 = 56 మీటర్లు. మీ స్కేలు ఈ కొస నుంచి ఆ కొసకి పట్టీని ఐమూలగా దాటింది. దాన్ని స్ట్రైక్ వెంట ఒక భాగం, అడ్డంగా ఒక భాగంగా విడగొట్టాలి.

కొంతమంది చానెల్‌ని పట్టీ మధ్య దాకా తిన్నగా పొడిగించి అక్కడ కొలుస్తారు. చానెల్ ఫాల్ట్‌ని లంబంగా దాటితే పర్వాలేదు, 45 డిగ్రీల్లో దాటితే ఆ ఒక్క పనికే 56 మీటర్ల తప్పు. చానెల్ మధ్యగీత ఫుట్‌వాల్ అంచుని తాకిన బిందువు, హ్యాంగింగ్ వాల్ అంచుని తాకిన బిందువు, ఈ రెండే తీసుకోండి. రెండు చోట్లా చానెల్ అడుగు లోతు కూడా చదవండి. ఆ లోతుల తేడాయే అసలు త్రో, ఎందుకంటే అది ఒకే బిందువు రెండుగా తెగినది. అక్కడ 124 వస్తే లెక్కలో ఏదో తేడా ఉన్నట్టు, 120 దగ్గర వస్తే ఏ, బి లెక్క నిలబడినట్టు.

ఇంకో జాగ్రత్త. అవతలి ముక్క అదే చానెల్ అని ఎలా తెలుసు? వెడల్పు, లోతు, వంపుల మధ్య దూరం రెండు వైపులా పోలాలి. వంకర్లు తిరిగే చానెల్ వంపు సరిగ్గా ఫాల్ట్ మీద పడితే ఏ జారుడూ లేకుండానే జరిగినట్టు కనిపిస్తుంది. కాలిఫోర్నియాలోని శాన్ ఆండ్రియాస్ ఫాల్ట్ మీద పిన్నకిల్స్, నీనక్ అగ్నిపర్వత రాళ్ళని జతకట్టి సుమారు 315 కి.మీ. జారుడు తేల్చినప్పుడు కూడా ఒక్క పోలికతో సరిపెట్టలేదు, రాళ్ళ రకాలు వరసగా కలిశాయి.

---

సిరొంచ_రాయి

కొసల లోతులు చదివిన. తేడా 118 మీటర్లు. హీవ్ 118 ÷ 2.14 = 55. 212 వర్గం నుంచి 55 వర్గం తీసేస్తే పక్క జారుడు 205. వాలు వెంట 130, మొత్తం జారుడు 243, రేక్ 32 డిగ్రీలు. బిన్ (సీస్మిక్ పటంల ఒక గడి) 25 మీటర్లు, ఒక్కో కొసకు ఒక బిన్ తప్పు పట్టుకుంటే 205 ప్లస్ ఆర్ మైనస్ 35 అని రాస్తున్న. చానెల్ వెడల్పు రెండు దిక్కులా ఆరు బిన్నులే.

2024 డిసెంబర్ 4న ములుగు దగ్గర 5.3 భూకంపం వచ్చింది గద. అసువంటి వాటి ఫోకల్ మెకానిజంల (భూకంపంల ఫాల్ట్ ఎటు జారిందో చెప్పే బొమ్మల) కూడ రేక్ ఇస్తరు. ఫాల్ట్ లెక్కల దాన్ని వాడుకోవచ్చునా?

---

చాందా_సర్వే

ఈ పనికి వద్దు. అది ఒక్క కుదుపులో జరిగిన జారుడు దిశ, ఇప్పటి ఒత్తిడి చెప్పేది. మీరు కొలుస్తున్నది కోట్ల ఏళ్ళలో పోగైన మొత్తం. పైగా ఫోకల్ మెకానిజం ఎప్పుడూ రెండు తలాలు చూపిస్తుంది, ఏది అసలు ఫాల్టో వేరే ఆధారంతో తేల్చాలి. ములుగుది దాదాపు 40 కి.మీ. లోతున వచ్చింది, చమురు వెతికే పొరలు దానికి ఎంతో పైన.

205 ± 35 బాగుంది. పక్కనే ఏ, బి లెక్క 211 ± 115, కోర్ లెక్క 189 నుంచి 284 కూడా రాయండి. మూడింటినీ సగటు చేయొద్దు.

---

పర్లాకిమిడి_మాస్టారు

సీల్ లెక్కలో (ఫాల్ట్ చమురుని ఆపుతుందా అన్న లెక్కలో) కూడా 150 పెట్టకండి బాబూ. ఫాల్ట్ మీద ఒక బిందువుని దాటిపోయిన షేల్ (బంకమట్టి రాయి) మందం 30 మీటర్లు అనుకుంటే, షేల్ గూజ్ రేషియో (ఆ మందాన్ని త్రోతో భాగిస్తే వచ్చేది) 150తో 20 శాతం, 120తో 25 శాతం. చమురు ఆగుతుందా కారుతుందా అని వాదించుకునేది సరిగ్గా ఆ చుట్టుపక్కలే. ఏ ఇసుకరాయి ఎదురుగా ఏ షేల్ వచ్చి నిలబడిందో మీరు గీసిన స్ట్రైక్ ప్రొజెక్షన్‌లోనే కనిపిస్తుంది. 'ఏ' గీతల మధ్య ఉన్న ఇసుక పొరలన్నీ దాని మీద గీసి, రెండు వైపులా ఇసుక తగిలిన చోట్లకి రంగు వేయండి.

---

బల్లార్షా_సీమ్

ఇంకో వెయ్యి మీటర్ల అవతల ఇంకో చానెల్ ఉంటే అది కూడ కొలువు తమ్మీ. అక్కడ 205 రాకపోతే ఖంగారు పడకు. ఫాల్ట్ కొస దిక్కు పోతే జారుడు తగ్గుతది. ఒక్క జాగ కొలతను ఫాల్ట్ మొత్తానికి అంటగట్టకుండ, 'ఈ చానెల్ కాడ' అని రాయి.